దొరసాని గుడ్లు

వీధిలో అందరూ ఆయన్ని ఎక్స్‌రే ఆయన అంటారు. ఉద్యోగం నుంచి ఆయన రిటైరయ్యాడు కానీ ఆ పేరు రిటైరు కాలేదు. ఆస్పత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఒక జీవితకాలం మనుషుల్ని నిలబెట్టీ పడుకోబెట్టీ "గాలి పీల్చండి, బిగబట్టండి, వదలండి" అన్న మనిషి ఆయన. ఆ మాటలు దాటి ఇంకేమీ అనకూడదన్నది ఆ గది రూలు. ఫిల్ములో విరిగిన ఎముకే కనిపించనీ, అంతకంటే చెడ్డదే కనిపించనీ, ఫిల్ము తీసినవాడు నోరు విప్పకూడదు. "డాక్టరు గారు చెప్తారు" అని కవరు చేతికిచ్చి పంపాలి, అంతే.

రూలు మంచిదే, కాదనడానికి లేదు. కానీ అన్నేళ్లు మోస్తే ఏ రూలైనా ఒంటికి అతుక్కుపోతుంది. ఇంటికొచ్చాక కూడా ఆయన అదే రూలు మీద నడిచాడు. కూర ఎలా ఉందండీ అని భార్య అడిగితే శుభ్రంగా తినేసి చేయి కడుక్కునేవాడు. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలుసుకోవాలంటే పాపం ఆవిడ కూడా డాక్టరు గారి కోసం ఎదురుచూడాల్సిందే.

మాట్లాడే మొగుడు దొరకని ఆ ఇల్లాలు పెరట్లో కోళ్లని పెట్టుకుంది. వాటిలో ఒకదాని పేరు దొరసాని. పాదాల దాకా ఈకలు, బురదలో గౌను ఎత్తిపట్టుకుని నడిచే మనిషి నడక, మిగతా కోళ్లని చూస్తే ఎక్కడలేని చిన్నచూపు. పొద్దున్నే వంటింటి గడప దగ్గరికి వచ్చి కూర్చునేది. ఆమె గిన్నెలు తోముతూ దానితో అన్నీ చెప్పుకునేది. ఎక్స్‌రే ఆయన మీద ఉన్న ఫిర్యాదులన్నీ తారీఖులతో సహా దొరసానికి తెలుసు.

ఒకరోజు కంచె కింది నుంచి కుక్క దూరింది. ఆమె బజారు నుంచి వచ్చేసరికి పెరడంతా ఈకలు.

ఆమె ఆయన ముందు ఏడవలేదు. పెరడు ఊడ్చింది, నీళ్లు పోసి కడిగింది. మిగతా కోళ్లవి తెల్లగుడ్లు, దొరసానివి ఎర్రటివి. గంపలో ఉన్న ఎర్రగుడ్లన్నీ ఏరి, తువ్వాలులో పెట్టుకుని వచ్చి, పేపరు చదువుకుంటున్న ఆయన ముందు బల్ల మీద పెట్టింది. డజను ఉన్నాయి.

"వీటిని పొదిగించాలి," అంది. "దాని పిల్ల ఒక్కటి కావాలి నాకు. ఒక్కటి చాలు. మీరేం చేస్తారో నాకు తెలీదు."

ఆవిడ ఆయన్ని ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో! పేపరు ఎక్కడ పడేశాడో కూడా చూసుకోకుండా లేచాడు. ఐస్‌క్రీము కొట్టువాడి దగ్గర పాత థర్మాకోల్ పెట్టె అడిగి తెచ్చాడు. దానికో బల్బు, పాడైన కంప్యూటరులోంచి పీకిన చిన్న ఫ్యాను, వేడి ఎక్కువైతే బల్బుని ఆపేసే మీట, గాలి ఎండిపోకుండా లోపల ఒక గిన్నెడు నీళ్లు. మూతకి అద్దం ముక్క బిగించాడు. గుడ్లని రోజుకి మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాలి కాబట్టి పెన్సిలుతో ఒక పక్క సున్నా, ఇంకో పక్క ఇంటూ గీశాడు. పనిమంతుడే, మాటే లేదు.

పెట్టె వెలిగింది మొదలు ఆయనకి కాలు నిలవలేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే పెట్టె దగ్గరికి వెళ్తాడు, కళ్లజోడు నుదుటి మీదకి తోసి అద్దంలోంచి లోపల పెట్టిన థర్మామీటరు చూస్తాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచి వెళ్లి చూసొస్తాడు. గిన్నెలో నీళ్లు సరిపోయాయా అని ఒకసారి, ఎక్కువయ్యాయా అని ఇంకోసారి.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటండీ ఆ తిరగడం! కోడిపెట్ట కూడా అంతసేపు కూర్చుంటుంది, మీరు కూర్చోరు," అనేది ఆమె. అంటూనే తనూ లేచి వెళ్లి చూసొచ్చేది. ఆ ఇంట్లో ఇద్దరికిద్దరూ సరిపోయారు.

వారం గడిచాక గుడ్లకి లైటు పెట్టి చూడాల్సిన రోజు వచ్చింది. గుడ్డులో జీవం మొదలైందో లేదో ఆ చూపులోనే తెలుస్తుంది. ఆయన ఒక డబ్బా మూతకి గుండ్రంగా చిల్లు చేసి, అంచుకి గుడ్డ చుట్టి, లోపల టార్చి బిగించాడు. సామాన్ల గదికి కిటికీ లేదు. తలుపు వేస్తే పట్టపగలే చీకటి.

"నువ్వూ రా," అన్నాడు.

"నా వల్ల కాదు. నా గుండె ఆగదు. మీకు చేతనైన పని, మీరే చూడండి," అని ఆమె తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది. చీర కొంగు చివర వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్లు సరిగ్గా అలాగే ఉండేవాళ్లు. తలుపు వేస్తూ ఆయన అది గమనించాడు, గమనించి తలుపు వేసుకున్నాడు.

మొదటి గుడ్డు చిల్లు మీద పెట్టగానే లాంతరులా వెలిగింది. లోపల ఏమీ లేదు. పచ్చసొన నీడ తేలుతూ ఉంది, అంతే. రెండోది కూడా ఖాళీయే. మూడో గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని, మధ్యలో ఒక చుక్క టపటపా కొట్టుకుంటోంది. ఎంత మందిని చూశాడు గానీ, లోపల మొదలవుతున్నదాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషంతో మిగతావి గబగబా చూశాడు. ఖాళీ, ఖాళీ, ఖాళీ. పుంజు ముసలిదైపోయిందని ఆయనకి ముందే అనుమానం. చివరికి డజనులో మూడే మూడు మిగిలాయి.

తలుపు తీశాడు. ఆమె పీట మీంచి లేచి నిలబడింది.

"ఏమైంది? ఏం కనిపించింది?"

చెప్పాలనే తలుపు తీశాడు. మూడున్నాయి, తొమ్మిది పోయాయి, నాలుగు ముక్కల్లో తేలిపోయే సంగతి. కానీ ఎదురుగా అలా మొహంలో మొహం పెట్టి ఒక మనిషి అడుగుతుంటే, నోరు తన పాత దారినే పోయింది.

"ఇప్పుడే చెప్పలేం. ఇంకా చూడాలి," అన్నాడు.

"అంటే బాగున్నట్టేనా?"

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఖాళీ గుడ్లతో సహా అన్నిటినీ మళ్లీ పెట్టెలో పేర్చేశాడు. ఖాయంగా తెలిశాక చెప్పవచ్చులే అనుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, అలవాటే చెడ్డది.

సాయంత్రం ఆమె కూరగాయలకి వెళ్లింది. పక్కింటి కేకుల వదిన గోడ మీదుగా తల పెట్టింది. ఇంట్లోనే ఓవెను పెట్టుకుని కేకులు చేసి అమ్మే మనిషి. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. మాటల విషయంలో ఎక్స్‌రే ఆయనకి పూర్తిగా వ్యతిరేకం. కోడిగుడ్లు ఎప్పుడూ ఈ ఇంటి నుంచే కొంటుంది.

"అన్నయ్య గారూ, వదిన లేదా? ఒక మాట అడుగుదామని. దొరసాని పోకముందు వదిన నాకు అరడజను ఎర్రగుడ్లు ఇచ్చింది. అవి అలాగే ఉన్నాయి. పాపం దాన్ని తలుచుకుంటే పగలగొట్టబుద్ధి కాలేదు. రేపు పెద్ద పుట్టినరోజు కేకు ఆర్డరు ఉంది, నా దగ్గర గుడ్లు చాలట్లేదు. మీకు పొదగేయడానికి కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. వద్దంటే వాడేసుకుంటాను. ఏమంటారు?"

చేయి చాపితే అందే దూరంలో ఉన్నాయి. అదే కోడి గుడ్లు. బయట ఉంచిన గుడ్లు పొదగడానికి ఇంకొక్క రోజో రెండు రోజులో పనికొస్తాయి, ఆ తర్వాత పనికిరావు. ఇదంతా ఆయనకి తెలుసు. కావాలి అనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే పెట్టెలో తొమ్మిది ఖాళీలని చెప్పాలి. భార్యకి చెప్పనిది పక్కింటావిడకి ముందు ఎలా చెప్తాడు?

"మా ఆవిడ వచ్చాక చెప్తుంది," అన్నాడు.

"సరే అయితే. రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను," అని కేకుల వదిన తల గోడ వెనక్కి దిగిపోయింది.

ఆమె వచ్చింది. సంచీ దించింది. "ఇంకోసారి చూశారా?" అని అడిగింది. లేదు, రేపు చూస్తాను అన్నాడు. భోజనాల దగ్గర మళ్లీ అడిగింది. రేపు అన్నాడు. పడుకోబోయే ముందు దీపం ఆర్పుతూ, "మీరేమీ చెప్పట్లేదంటే బాగున్నాయనే అర్థం. బాగోకపోతే చెప్పేవారు కదా," అని తనకి తనే సర్దిచెప్పుకుని పడుకుంది. ఆ మాట ఆయన్ని కొట్టినట్టే అయింది.

మర్నాడు పొద్దున్న ఆమె స్నానానికి వెళ్లిన వెంటనే గుడ్లని మళ్లీ సామాన్ల గదిలోకి పట్టుకెళ్లాడు. నిన్న ఖాళీగా కనిపించినవాటిలో ఒక్కదాంట్లోనైనా నరం గీత కనిపిస్తుందేమో, లేటుగా మొదలయ్యాయేమో, తన కళ్లే మోసం చేశాయేమో. ఒక్కటి కనిపిస్తే చెప్పడం కాస్త తేలికవుతుంది. ఏదీ కనిపించలేదు. గుడ్లని తిప్పి తిప్పి చూశాడు. బతికున్న మూడూ అంతసేపు బయటుండి చల్లబడిపోతున్నాయని గుర్తొచ్చి హడావిడిగా పెట్టెలో పెట్టాడు. ఇప్పుడు చెప్తాను అనుకుంటూ వంటింట్లోకి వెళ్లాడు. మంచినీళ్లు తాగి బయటికొచ్చాడు. పెరట్లోకి వెళ్లి గోడ వైపు చూశాడు. గోడ దాకా నడిచి వెనక్కి తిరిగాడు. మింగలేడు, కక్కలేడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలా తిరుగుతూనే ఉన్నాడు.

అప్పుడు గోడ మీదుగా వాసన వచ్చింది. వెన్న, పంచదార, గుడ్డు కలిసి వేడెక్కుతున్న వాసన. వీధిలో పిల్లలు ముక్కులు ఎగరేస్తూ ఆ ఇంటి ముందు ఆగే వాసన. ఎక్స్‌రే ఆయన పెరట్లో ఉన్నవాడు ఉన్నట్టే అరుగు మీద కూలబడ్డాడు.

సాయంత్రం కేకుల వదిన పళ్లెంలో రెండు ముక్కలు పెట్టి తెచ్చింది. "దొరసాని గుడ్లతో చేసిన ఆఖరి కేకు వదినా. తినండి. నేను పోవాలి, ఓవెనులో ఇంకోటి ఉంది," అని పళ్లెం చేతిలో పెట్టి పరుగెత్తింది.

ఆమె కేకు ముక్కని కాసేపు చూస్తూ నిలబడింది. కళ్లు చెమ్మగిల్లాయి గానీ నవ్వింది. "వెనక్కి అడుగుదామా అనుకున్నాను. ఇచ్చినవి అడగడం ఏం బాగుంటుంది, మనకి పెట్టెనిండా ఉన్నాయి కదా అని ఊరుకున్నాను. ఇదిగో, మీరూ తినండి," అని ఒక ముక్క ఆయన నోటి దగ్గర పెట్టింది.

ఆయన నోరు తెరిచాడు. కేకు కోసం కాదు.

"పెట్టెనిండా లేవు," అన్నాడు. "మూడే ఉన్నాయి. మిగతావన్నీ ఖాళీ."

ఆమె చేయి అక్కడే ఆగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. లైటు పెట్టినప్పుడే."

"నిన్న నేను తలుపు దగ్గరే కూర్చున్నాను. సాయంత్రం అడిగాను. అన్నం దగ్గర అడిగాను. పడుకునేముందు అడిగాను."

"ఖాయం చేసుకుని చెబుదామని..."

"ఎవరు ఖాయం చెయ్యాలండీ? ఈ ఇంట్లో డాక్టరు ఎవరు?"

ఎలాగూ ఇంతదూరం వచ్చింది కదా అని మిగతాది కూడా చెప్పేశాడు. కేకుల వదిన గోడ దగ్గరికి వచ్చిందనీ, గుడ్లు ఇచ్చేస్తానందనీ, మా ఆవిడ చెప్తుందని తాను పంపేశాననీ. ఇది విన్నాక ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే అరవలేదు. కేకు పళ్లెంలో పెట్టి, పళ్లెం బల్ల మీద పెట్టింది.

"గుడ్లు ఖాళీ అయితే అది మీ తప్పు కాదు. దొరసాని పోవడమూ మీ తప్పు కాదు," అంది. "కానీ నన్ను ఆస్పత్రిలోలా బయట బెంచీ మీద కూర్చోబెట్టారు చూశారూ. సొంత ఇంట్లో. అందుకే నాకు కడుపు మండుతోంది."

పెట్టె మూత తీసి, ఖాళీవి ఏవో చూపించమంది. ఆయన ఒక్కొక్కటీ తీసి ఇచ్చాడు. వాటిలో ఒకటి ఆమె గిన్నెలో పగలగొట్టింది. పచ్చసొన, తెల్లసొన, ఇంకేమీ లేదు. నిజమే చెప్తున్నారా లేదా అని చూసుకుంది. ఆ పరీక్ష గుడ్డుకి కాదని ఆయనకి అర్థమైంది, ఆయనకి సిగ్గేసింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. ఇంతకు ముందు ఆయన మాట్లాడేవాడు కాదు, ఇప్పుడు ఆమె కూడా మాట్లాడదు. గుడ్లు తిప్పడం, నీళ్లు పోయడం ఆమే చేసేది. ఆయన అటు రాబోతే చూపుతోనే ఆపేసేది. ఆయన వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు, వచ్చి మళ్లీ వెళ్లేవాడు. చెప్పులు అరిగాయి గానీ మనసు కుదుటపడలేదు. పెట్టెలో మూడు గుడ్లు, మధ్యలో ఎడం ఎడంగా. ఒక్కటి చాలు అందామె. ఆ ఒక్కటి కూడా దక్కకపోతే ఆమె మొహం ఎలా చూడాలో ఆయనకి తెలీదు.

పొదిగే గడువు ఆఖరికొచ్చింది. ఇంక పెట్టె మూసేస్తే పిల్లలు బయటికొచ్చేదాకా తెరవకూడదు. మూసేముందు ఆఖరిసారి లైటు పెట్టి చూడాలి. మధ్యాహ్నం ఆమె మూడు గుడ్లనీ తువ్వాలులో పెట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"పదండి. నేనూ లోపలికొస్తున్నాను," అంది. "చూసింది చూసినట్టు అక్కడికక్కడే చెప్పాలి. ఇంకా చూడాలి, రేపు చెప్తాను అంటే కుదరదు."

సామాన్ల గదిలో ఇద్దరూ మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. తలుపు మూసుకుంది. టార్చి వెలిగింది. ఆమె మొదటి గుడ్డు ఆయన చేతికిచ్చింది.

లోపల నరాలు తెగిపోయి ఉన్నాయి. నల్లటి మరక ఒకటి, గుడ్డుని కదిపితే అటూ ఇటూ జారుతోంది.

"ఇది మధ్యలోనే ఆగిపోయింది," అన్నాడు.

"ఊఁ," అంది ఆమె. రెండోది ఇచ్చింది.

ఇది నిండుగా ఉంది. పిల్ల పూర్తిగా తయారై, పైన గాలి ఉండే ఖాళీ అర వదిలి మిగతా గుడ్డంతా నల్లగా నిండిపోయింది. ఆయనకి ఆశ పుట్టింది. కదలిక కోసం చూశాడు. గోటితో పెంకు మీద మెల్లిగా తట్టాడు. పక్కకి తిప్పి మళ్లీ చూశాడు. గాలి అర అంచున ఎర్రగా ఉండాల్సిన నరం గోధుమరంగుకి మారి ఎండిపోయింది. ఇంత దూరం వచ్చి, గడప దగ్గర ఆగిపోయింది. ఇంకా చెప్పలేం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఒక రోజు ఆగితే, ఇంకోసారి చూస్తే. ఎదురుగా ఆమె ఊపిరి బిగబట్టి ఉంది. గాలి పీల్చండి, బిగబట్టండి అని ఆయన చెప్పకుండానే. ఇక వదలమనాల్సింది ఆయనే.

"లేదు," అన్నాడు. "అంతా తయారైంది. నిన్నో మొన్నో పోయింది."

ఆమె ఏడ్చింది. దొరసాని పోయిన రోజు ఏడవని ఏడుపు కూడా కలిపి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎక్స్‌రే ఆయన తలుపు వైపు చూశాడు. కవరు చేతికిచ్చి పంపించాక మనుషులకి ఏమవుతుందో ఆయన ఎప్పుడూ చూసినవాడు కాదు. అది పైఅంతస్తులో, ఇంకో తలుపు వెనక, ఇంకొకరి ముందు జరిగేది. ఇన్నేళ్లూ తాను తప్పించుకున్నది ఇదన్నమాట అనుకున్నాడు. కాళ్లు లేచి పొమ్మంటున్నాయి. ఆయన కదల్లేదు. ఏం చేయాలో తెలియక ఆమె మోకాలి మీద చేయి వేశాడు. వేశాక తీయలేదు.

చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని మూడో గుడ్డు తీసింది. ఇవ్వడానికి మనసొప్పక కాసేపు అరచేతిలో పట్టుకుంది. తర్వాత ఇచ్చింది.

ఆయన చిల్లు మీద పెట్టాడు. చీకటి నీడ. దాని పైన గాలి అరలో వెలుతురు. ఆ వెలుతురులోకి కింది నుంచి సన్నటి మొన ఒకటి పొడుచుకొచ్చి ఉంది. చూస్తుండగానే అది వెనక్కి తగ్గింది. మళ్లీ పొడిచింది.

"ఉంది," అన్నాడు. "ముక్కు పైకి పెట్టింది. కదులుతోంది."

ఆమె కళ్లు చిన్నవి చేసి ఆయన వైపు చూసింది. "నేను ఏడుస్తున్నానని ఊరికే ఉందంటున్నారా?"

"రెండోది లేదన్నప్పుడు కూడా నువ్వు ఏడుస్తావని తెలుసు. అయినా లేదనే అన్నాను కదా."

ఆమె ఆలోచించింది. తల ఊపింది. అయినా ఆమెకి నిలవలేదు, ముందుకు వంగి గుడ్డు మీదకి మొహం పెట్టింది. నీళ్లు నిండిన కళ్లకి ఎర్రటి వెలుగు తప్ప ఏమీ తెలియలేదు.

"నాకేం కనపడట్లేదు," అంది. "ఇంకోసారి చెప్పండి."

"ఉంది."

"ఊఁ. ఇంకోసారి."

"ఉందే పిచ్చిదానా, ఉంది," అన్నాడు ఎక్స్‌రే ఆయన. అనేశాక ఆయనకి మాట ఆగలేదు. ముక్కు ఎటు తిరిగి ఉందో, నీడ ఎక్కడ ఊపిరికి లేస్తోందో, ఏ పక్క పెంకు ముందు పగలొచ్చో, కనిపించినదల్లా కనిపించినట్టు చెబుతూనే ఉన్నాడు. ఆమె కళ్లు మూసుకుని వింటూ కూర్చుంది.